మొదటి వరస కింద రెండు ఉన్ని ముడులు

పోయిన వారం మనం జఖార్‌ని ఒక మూసిన తలుపు ఎదుట వదిలిపెట్టి వచ్చాం. అతనింకా అక్కడే ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. యుద్ధం నడిమధ్యన ఒక వసంతంలో జఖార్ దోలిన్ ఈ జలెస్యే అడవిలోకి గ్లైడర్ మీద దిగాడు. ఇంజను లేని విమానమది. ఇంకో విమానం మోకు కట్టి లాక్కొస్తుంది. చోటు దగ్గరపడ్డాక మోకు వదిలించుకుని గాలిమీద జారుతూ దిగాలి. దిగడమే గాని మళ్ళీ లేవడం ఉండదు. శత్రువుల వెనక అడవుల్లో దాగిన దళాలకు తూటాలూ ఉప్పూ మందులూ అలాగే చేరేవి. కింద చోటు చూపడానికి ఊరి ఆడపిల్లలు మంటలు వేసేవాళ్ళు. ఆ మంటల దగ్గర కనబడింది ఉల్యానా. తిరుగు విమానం దొరికేదాకా నెలన్నర జఖార్ వాళ్ళింట్లోనే దాక్కున్నాడు. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. రాలేకపోయాడు. మరుసటి ఏడు ముట్టడిలో ఊరంతా బూడిదైందని విన్నాడు. యుద్ధం ముగిశాక వోల్గా ఒడ్డున తన ఊరు చేరి రెండు చలికాలాలు పడవలు చెక్కుకుంటూ బతికాడు. ఉల్యానా తల్లి అగాఫ్యా ప్రాణాలతో ఉందని ఈ మధ్యనే తెలిసింది. కాలిన ఊళ్ళలో ఇళ్ళు కట్టే వడ్రంగి జట్టులో చేరి వచ్చాడు.

అగాఫ్యా తలుపు తీసింది, అతని మొహం చూసింది, పాలిపోయింది. "ఉల్యానా లేదు. ముట్టడిలో పోయింది. ఇక రాకు" అని తలుపు వేసేసింది.

ఆ తలుపుకేసి జఖార్ చాలాసేపు చూశాడు. భూమిలో తవ్వుకున్న గుంత ఇంటికి గ్లైడర్ పక్కచెక్క తలుపైంది. ఊళ్ళో సగం తలుపులు అలాంటివే. దిగిన గ్లైడర్‌ని తెల్లారేలోగా ముక్కలు చేసి మాయం చెయ్యాలి గనక ఎవరికి అందింది వాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. చెక్క తలుపులకు, రెక్కల గుడ్డ చొక్కాలకు. తన గ్లైడర్‌దో మరొకడిదో పోల్చుకోవడానికి కూడా ఆ పూట జఖార్‌కి మనసు రాలేదు.

అతను వెళ్ళిపోలేదు. జట్టులో చీటీలు వేస్తే అగాఫ్యా ఇల్లు వేరొకడికి పడింది. జఖార్ తన పొగాకు సంచి వాడి చేతిలో పెట్టి ఆ చీటీ తీసుకున్నాడు. దుంగలు మోయడానికి ఊరివాళ్ళు పంపిన ఒంటికన్ను మాకేయ్ తాత అది చూసి ఊరుకోలేకపోయాడు. సంతలో ఆవుని కొన్నవాళ్ళని చూశాను, మేకని కొన్నవాళ్ళని చూశాను, పొగాకిచ్చి ముసలమ్మ పోరు కొనుక్కున్నవాణ్ణి నిన్నే చూశానురా అన్నాడు. జఖార్ బాడిసె అంచు బొటనవేలితో చూసుకున్నాడు.

అతను ముందునుంచీ మాటలు తక్కువ మనిషి. ఆకాశంలో నేర్చుకున్నది కూడా నిశ్శబ్దమే. మోకు వదిలిన క్షణం దాకా ఒకటే హోరు, చెవుల్లో గానుగ తిరిగినట్టు. వదిలాక ముందరి విమానం పక్కకి తిరిగి వెళ్ళిపోతుంది, హోరు సన్నబడి ఎక్కడో కలిసిపోతుంది, రెక్కల కింద గాలి బియ్యం చెరిగినట్టు సన్నగా మోగుతుంది. ఆ మోతకోసం అతను ఇప్పటికీ ముఖం వాచి ఉన్నాడు. ఇంటి మొగరాల మీదెక్కి మేకు కొడుతూ కొడుతూ గాలి తిరిగితే చెయ్యి ఆపేసేవాడు. దారిలో ఏ మైదానం ఎదురైనా దిగడానికి వీలుందా, చివర చెట్లెంత ఎత్తున్నాయి అని కన్ను తనంతట తనే కొలిచేది. ఆ కొలతల చివర ఎప్పుడూ మంటల వెలుగులో ఒక మొహం ఉండేది. ఇప్పుడా మొహం లేదంది తల్లి. లేని మనిషి తల్లికైనా ఒక కప్పు నిలబెట్టి పోదామనుకున్నాడు.

మొదటి వరస దుంగలు పేర్చేనాడు ఆ వైపు ఒక ఆచారం ఉంది. తూర్పు మూల దుంగ దించే ముందు దాని కింద ఇంటి యజమానురాలు చారెడు రై ధాన్యం గింజలు పోసి, ఆ పైన ఉన్ని ముడులు పెడుతుంది. ఆ కప్పు కింద పడుకోబోయే ఒక్కో ప్రాణికి ఒక్కో ముడి. బతికున్నవాళ్ళకే పెట్టాలి. పోయినవాళ్ళకు పెడితే వాళ్ళు చలికి ఇంట్లోకి వస్తారంటారు. బతికున్నవాళ్ళను వదిలేస్తే వాళ్ళ ఆయుష్షు మూలలోనే ఆగిపోతుందంటారు. ఇక ఆ పూట వడ్రంగికి ఆమే స్వయంగా వడ్డించాలి, అతను తిని లేచేదాకా ఎదుట కూర్చోవాలి, కయ్యం పెట్టుకోకూడదు. పెట్టుకుంటే ఇంటి మూలలు ఏడుస్తాయి.

అగాఫ్యా గింజలు తెచ్చింది. కొంగులోంచి ఉన్ని తీసి, అతనివైపు వీపు తిప్పి వంగి, ఒక ముడి పెట్టింది. వెంటనే లేవలేదు. వంగిన వీపు వంగినట్టే ఉంది. మాకేయ్ తాత దుంగ కొస భుజం మీద ఆనించుకుని, అమ్మా, నా నడుము నీ మూలలో పాతిపెడతావా ఏమిటని సణిగాడు. అప్పుడామె చెయ్యి మళ్ళీ కొంగులోకి వెళ్ళింది. లేచి, దించండి అంది.

దించుతూ జఖార్ చూశాడు. గింజల మీద రెండు ముడులు ఉన్నాయి.

దుంగ గాడిలో కూర్చుంది. అతని చేతులు దానిమీదే ఉండిపోయాయి. మాకేయ్ తాతకి ఒక కన్నే గాని అది పనిచేసే కన్ను. ఇద్దరినీ ఒకసారి చూసి, నాకు మా ఆవిడ పులుసు చల్లారిపోతుందని చెప్పి చక్కా పోయాడు. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

అగాఫ్యా పలక మీద గుడ్డ పరిచి బంగాళాదుంప అట్లు పెట్టింది, పుల్లాకు పులుసు పోసింది, చిన్న గ్లాసులో నాటుసారా పోసింది. ఎదురుగా దుంగ మీద కూర్చుని తన మోకాళ్ళకేసి చూడసాగింది. అతను సారా తాగాడు, ఒక అట్టు తిన్నాడు. పులుసు సగం తాగి చెంచా కింద పెట్టాడు.

"రెండు పెట్టావు అత్తా."

చెయ్యి అలవాటు కొద్దీ పెట్టింది అంది ఆమె.

"నోరు ఆడినంత సులువుగా చెయ్యి అబద్ధం ఆడదు."

అగాఫ్యా తలెత్తింది. కయ్యం కూడదు గనక గొంతు పెంచలేదు. అది అరుపు కంటే కష్టంగా ఉంది వినడానికి.

"అబద్ధం గురించి నువ్వు చెప్పు నాకు. ఆంద్రేయ్ సావిన్. వోల్గా ఒడ్డున రీబ్నోయె ఊరు. నా పొయ్యి దగ్గర కూర్చుని, నా పిల్ల మొహంలోకి చూసి చెప్పావా లేదా?"

చెప్పాడు. గ్లైడర్ ఎక్కేముందు గుర్తింపు కాగితాలూ పతకాలూ అన్నీ అప్పజెప్పి కొత్త పేరు, కొత్త ఊరు చెప్పుకోవాలి. పట్టుబడితే అసలువాళ్ళకి ముప్పు రాకూడదని. ఏ ఊరు రాసుకోమంటావని అధికారి అడిగితే జఖార్ నోటికి చటుక్కున వచ్చింది రీబ్నోయె. అతని ఊరు వ్యాజోవ్కా. దానికి సరిగ్గా ఎదురుగా నదికి ఆవలి ఒడ్డు రీబ్నోయె. పుట్టినప్పటినుంచీ చూసిన ఊరు, ఎవరు గుచ్చి గుచ్చి అడిగినా తడబడకుండా చెప్పగలడు. సావిన్ అనే పేరు వాళ్ళు ఇచ్చిందే. అదంతా అగాఫ్యాకి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తన అసలు పేరు కూడా చెప్పాడు. ఆమె ఆ పేరును నోట్లోనే ఒకసారి తిప్పి చూసుకుంది, కొత్త రకం గింజని పంటికింద చూసినట్టు.

"నెలన్నర మా ఉప్పు తిన్నావు. అప్పుడు కూడా ఆజ్ఞేనా? మిగతా కుర్రాళ్ళు అసలు పేరు అమ్మాయిల చెవిలో చెప్పే వెళ్ళారు నాయనా. ఆజ్ఞ వాళ్ళకీ ఉంది."

పిట్ట ఒకటి కొత్త దుంగ మీద వాలి, వాసన నచ్చక లేచిపోయింది.

"వెళ్ళేటప్పుడు పేరు చెబితే అది వీడ్కోలు అయిపోతుందనిపించింది అత్తా. వచ్చే వెన్నెలకి మళ్ళీ ఇక్కడే దిగుతాననుకున్నా. దిగాక చెబుదామనుకున్నా."

ఆ వెన్నెలకి గ్లైడర్లని వేరే వైపు పంపారు. ఆ తరవాత అసలు పంపనే లేదు.

అగాఫ్యా కొంగుతో పలక మీది తడి తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ముట్టడిలో తల్లీకూతుళ్ళు బురదలో మెడదాకా దాగి బతికారు. యుద్ధం అయిపోయిన వేసవిలోనే ఉల్యానా రొట్టె మూట కట్టుకుని రైలెక్కింది. రీబ్నోయె చేరింది. సావిన్ ఎవరని ఇల్లిల్లూ అడిగింది. ఆ ఇంటిపేరే ఆ ఊళ్ళో లేదన్నారు. కాని ఊరు చూస్తే అతను చెప్పిన ఊరే. గంటలేని గంటస్తంభం ఉంది. నీళ్ళలోకి వంగిన విల్లో చెట్ల వరస ఉంది. ఎర్ర రేకు కప్పిన చేపల కొట్టం ఉంది. అన్నీ ఉన్నాయి గనకే వెనక్కి రాలేకపోయింది.

"ఒక్కటి మాత్రం కుదరలేదంది. పొద్దుగూకితే సూర్యుడు మా ఇంటి వెనక కొండలోకి దిగుతాడని చెప్పావటగా. ఆ ఊళ్ళో ఏ ఇంటి వెనకా కొండ లేదట. కొండ ఏటికి అవతల ఉందట."

జఖార్ కళ్ళు మూసుకున్నాడు. ఆ కొండ పాదంలోనే అతని ఇల్లు. అబద్ధం చెప్పమంటే ఊరు మార్చాడుగాని సూర్యుణ్ణి మార్చలేకపోయాడు.

ఉల్యానా ఒకసారి పడవెక్కి కొండ ఉన్న ఒడ్డుకీ వచ్చిందట. కొండ కింద నిలబడి సావిన్ ఉన్నాడా అని అడిగిందట. లేడన్నారు. నిజమే, లేడు. జఖార్ అప్పటికింకా యుద్ధంలో తగిలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె తిరిగి వెళ్ళిపోయింది. రీబ్నోయె చేపల సంఘంలో వలలు బాగుచేసే పనికి కుదురుకుంది. అక్కడే ఉండిపోయింది.

అంటే రెండు చలికాలాలు, మధ్యనున్న వేసవి, నది ఈ ఒడ్డున అతను, ఆ ఒడ్డున ఆమె. జఖార్ ఆవలి ఊరి ఆడవాళ్ళ కబుర్లు చెవిని వేసుకునే మనిషి కాదు. ఎవరైనా చెప్పినా వినలేదు.

"మంటలు వేసేదట" అంది అగాఫ్యా. "శనివారం శనివారం, మసకపడ్డాక, ఇసుకతిన్నె మీద. ఇక్కడ వేసినట్టే. మూడు కొడవలి వంపున, ఒకటి విడిగా. యుద్ధం అయిపోయాక గ్లైడర్లెవడు తోలుతాడే పిచ్చిదానా అంటే, ఆయనకి దారి తెలిసేది అలాగేనమ్మా అంది."

జఖార్ ఆ మంటల్ని చూశాడు.

పని ముగిసిన సాయంత్రాల్లో బోర్లించిన పడవ మీద కూర్చుని చూసేవాడు. అవతలి ఒడ్డున, నీటికి కొంచెం పైగా, వరసగా నాలుగు చుక్కలు. పడవలకి తారు కాస్తున్నారనుకున్నాడు. ఎందుకో వాటిని చూస్తే ప్రాణం నెమ్మదించేది. ఆరేదాకా కూర్చుని అప్పుడు లేచేవాడు. ఆకాశం నుంచి చదవాల్సిన గుర్తది. పైనుంచి చూస్తే కొడవలి. ఎదురొడ్డున నేలమీద కూర్చున్నవాడికి అది ఒట్టి గీత. వందల అడుగుల ఎత్తునుంచి, మబ్బు చిరుగుల్లోంచి క్షణంలో పోల్చుకున్న మనిషి, కింద స్థిమితంగా కూర్చుని రెండు శరత్తులు చూసి పోల్చుకోలేకపోయాడు. కొండ ఎక్కి ఒక్కసారి చూసి ఉంటే చాలు. కొండ అతని ఇంటి వెనకే ఉంది. ఎక్కలేదు. ఎక్కడానికి, ఆకాశంతో ఇక తనకేం పని అనుకున్నాడు.

అతను లేచాడు. బాడిసె సంచిలో వేశాడు, తూకం గుండు చుట్టి వేశాడు. సాయంత్రం బండికి స్టేషనుకు పోతే రేపటి రైలు దొరుకుతుందని తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అన్నాడు. మేస్త్రీకి చెప్పి మళ్ళీ వచ్చి ఇల్లు పూర్తి చేస్తాను అత్తా అన్నాడు. మొహంలో ఇరవయ్యేళ్ళ కుర్రాడు కనబడ్డాడు.

"కూర్చో" అంది అగాఫ్యా. "ఇంకా తినడం అవలేదు."

ఆ గొంతు విని అతను కూర్చున్నాడు. పులుసు చల్లారి పైన పొర కట్టింది. అగాఫ్యా ఆ పొరను చెంచాతో తీసేసింది.

"చలి పోయే ముందు, మస్లెనిత్సా పండగ రోజుల్లో నా పిల్ల ఇంటికొచ్చింది. ఒక్కర్తే. గుంత ఇంట్లో అడుగుపెట్టి నవ్వింది. అది నవ్వగా నేను చూసి మూడేళ్ళయింది. అమ్మా, వచ్చాడంది."

"ఎవరు?"

"ఆంద్రేయ్ సావిన్."

గాలి పడిపోయింది. చెక్క పేళ్ళు కదలడం మానాయి.

పోయిన చలికాలం మొదట్లో మిలటరీ కోటు వేసుకున్నవాడొకడు రీబ్నోయె వచ్చాడట. ఉల్యానా ఇల్లెక్కడని అడిగాడట. యుద్ధం ఆఖర్లో విమానం అంటుకుని ఒళ్ళు కాలిందట, మొహం మొహంలా లేదు, గొంతు కూడా బొంగురు. నేనే సావిన్ని అన్నాడు. జలెస్యే పేరు చెప్పాడు, గుంటలో దాచిన ఉప్పు బస్తాల సంగతి చెప్పాడు, అగాఫ్యా అట్లలో ఉల్లి తురిమి వేస్తుందని కూడా చెప్పాడు.

"నమ్మిందా?" అన్నాడు జఖార్.

"అంతకాలం ఎదురుచూసిన మనిషి నమ్మకేం చేస్తుంది నాయనా? నేనూ నమ్మాను. మొన్న నువ్వు గుమ్మంలో నిలబడేదాకా నమ్మాను. నీ మొహం చూశాక తెలిసింది, నా పిల్ల ఇంట్లో ఉన్నది ఎవడో అని. అందుకే పోయిందన్నాను. నీకు అది లేదంటే నువ్వు పోతావనుకున్నా. దాని నవ్వు దానికి ఉంటుందనుకున్నా." ఆగి, ముడతల వేళ్ళతో మూల దుంగను తడిమింది. "మూడో ముడి కూడా తెచ్చాను కొంగులో. వాడికోసం. నిన్ను చూశాక పెట్టబుద్ధి కాలేదు. ఎవరిదని పెట్టను?"

ఉప్పు బస్తాలు, అట్లలో ఉల్లి. అవి జఖార్ ఎవరితోనైనా చెప్పాడా? ఏ ఆసుపత్రి మంచం మీద, ఏ జ్వరంలో, పక్క మంచాన ఎవరున్నప్పుడు? ఎంత తవ్వినా ఒక్క మొహం కూడా తేలలేదు.

"పెళ్ళి అయిందా అత్తా?"

"ఇంకా లేదు. ఈ వేసవిలో, బర్చ్ కొమ్మలు కట్టే పండగకి. ఇక్కడే. ఈ ఇంట్లో నాతోపాటు వాళ్ళిద్దరూ ఉంటారు." అగాఫ్యా అతనికేసి చూడకుండా చెప్పింది. "రేపు మధ్యాహ్నం బండికి ఇద్దరూ దిగుతున్నారు. గోడలెత్తడానికి వడ్రంగికి సాయం చేస్తాడట. గొడ్డలి పట్టడం బాగా వచ్చట. నా మాట విను జఖార్. సాయంత్రం బండి ఉందన్నావుగా, వెళ్ళిపో. నిన్ను చూస్తే అది తట్టుకోలేదు. చూడకపోతే బతుకుతుంది."

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. జఖార్ చల్లారిన పులుసు గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగాడు, ఆచారం ప్రకారం. గిన్నె బోర్లించి లేచాడు. సంచి విప్పి బాడిసె తీశాడు. పడి ఉన్న పైన్ దుంగల్లో పొడుగైనదాని దగ్గరికి వెళ్ళి, మోకాలు దానిమీద ఆనించి, రెండో వరస కోసం గాడి కొలవడం మొదలుపెట్టాడు.

అగాఫ్యా గుడ్డ మడుస్తూ, ఆ దుంగ ఒక్కడివే ఎత్తలేవు నాయనా, మాకేయ్ ఇవాళ ఇక రాడు అంది.

"ఇవాళ ఎత్తను" అన్నాడు జఖార్. "రేపు రెండో కొస పట్టడానికి ఆంద్రేయ్ సావిన్ వస్తున్నాడుగా."